ఆరో నంబరు ఐదో నంబరుకన్నా పెద్దది కాదు: తుపాను హెచ్చరికలపై అపోహలు, వాస్తవాలు

అక్టోబరు, నవంబరు నెలలొస్తే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరమంతా ఒకటే ప్రశ్న: "ఎక్కడ దాటుతుందట?" హెచ్చరిక బులెటిన్‌లో అంతకన్నా ముఖ్యమైన విషయాలు నాలుగుంటాయి. మీ ఊరికి గాలి ఎంత, వాన ఎంత, ఉప్పెన ఎంత, అవి ఎప్పుడు మొదలవుతాయి. ఈ నాలుగూ వదిలేసి తుపాను పేరు, నంబరు, రంగు పట్టుకోవడం వల్లే అపోహలు పుడుతున్నాయి. ప్రాణాల మీదికి తెచ్చేవాటితో మొదలుపెడదాం.

అపోహ: రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగిందంటే తుపాను బలం పెరిగినట్టే.

వాస్తవం: సగమే నిజం. ఒకటి, రెండు నంబర్లు ప్రమాదం దూరాన సముద్రంలో ఉందని చెబుతాయి. ఒకటి వాయుగుండానికి, రెండు తుపానుకు. మూడు, నాలుగు వస్తే ప్రభావం రేవు దాకా రావచ్చని అర్థం. ఇక్కడిదాకా మెట్లు ఎక్కినట్టే ఉంటుంది. ఐదు దగ్గర లెక్క మారుతుంది. 5, 6, 7 నంబర్లు ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి, తేడా దిశలోనే. తుపాను రేవును తన ఎడమవైపు ఉంచుకుని దాటేలా ఉంటే 5, కుడివైపు ఉంచుకుని దాటేలా ఉంటే 6, రేవు మీదుగా లేదా బాగా దగ్గరగా దాటేలా ఉంటే 7. తీవ్ర తుపాను అయితే అదే వరసలో 8, 9, 10. పదకొండో నంబరు సంగతి చివర్లో చూద్దాం.

ఈ ఎడమ, కుడి తేడా ఓడల కెప్టెన్లకే పరిమితం అనుకోకండి. తుపాను వెనక నిలబడి, అది వెళ్లే వైపు చూస్తున్నట్టు ఊహించుకోండి. మన తీరానికి తుపాన్లు ఎక్కువగా పడమర, వాయవ్య దిశల్లోనే వస్తాయి. కాబట్టి దాటే చోటుకు ఉత్తరాన ఉన్న ఊళ్లు కుడిచేతి వైపు, దక్షిణాన ఉన్నవి ఎడమచేతి వైపు పడతాయి. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. తుపాను కదిలే వేగం కూడా ఆ వైపు గాలికే తోడవుతుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, అక్కడ నీరు వెనక్కి పోవడమూ ఉంటుంది.

1977 నవంబరు 19 గుర్తుచేసుకోండి. తుపాను దాటింది చీరాల దగ్గర, ఉప్పెన మింగింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. కనీసం 10 వేల మంది పోయారు. అన్నిటికన్నా ఎత్తైన ఉప్పెన కేంద్రం దాటే చోట రాదు. దానికి కుడివైపు, గాలి అత్యంత బలంగా ఉండే పట్టీలో వస్తుంది. "మా ఊళ్లో దాటడం లేదుగా" అని పడుకునే ముందు, దాటే చోటు మీకు దక్షిణాన ఉందా, ఉత్తరాన ఉందా చూసుకోవాలి. దక్షిణాన ఉంటే మీరే కుడివైపు.

అపోహ: ఉప్పెన ఒక మీటరే అంటున్నారు, మోకాలు దాటి కొంచెం.

వాస్తవం: బులెటిన్‌లో చెప్పే ఎత్తు మీ గుమ్మం దగ్గర కొలిచేది కాదు. ఆ సమయానికి సముద్రంలో మామూలుగా ఉండాల్సిన ఆటుపోట్ల మట్టానికి పైన ఎంత లేస్తుందో చెప్పే అంకె అది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖ దగ్గర ఆటుకూ పోటుకూ మధ్య తేడా మీటరు దాటుతుంది. అదే ఉప్పెన ఆటు సమయంలో వస్తే కట్ట లోపలే ఆగిపోవచ్చు, పోటు సమయంలో వస్తే కట్ట మీంచి పొర్లవచ్చు. అలలు ఆ పైన అదనం.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంకో చిక్కుంది. నేల చదునుగా ఉండడంతో ఉప్పునీరు కాలువలు, డ్రెయిన్ల గుండా ఊళ్ల దాకా ఎదురెక్కుతుంది. డ్రెయిన్ మొగ దగ్గర సముద్రం ఎత్తుగా నిలబడితే పైన పడ్డ వాన నీరు కిందికి పోదు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న పొలం కూడా మునగడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా వడిగా ఉంటే పెద్ద మనిషిని పడేస్తుంది. 60 సెంటీమీటర్లుంటే కారు తేలిపోతుంది.

అపోహ: ఉత్త వాయుగుండమే, తుపాను కాదు కదా.

వాస్తవం: అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనే మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవే. గంటకు 31 నుంచి 49 కి.మీ. అయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 అయితే తుపాను, 89 నుంచి 117 అయితే తీవ్ర తుపాను, 118 నుంచి 166 అయితే అతి తీవ్ర తుపాను. పైన ఇంకా రెండు మెట్లున్నాయి, 222 దాటితే సూపర్ సైక్లోన్. పేరు పెట్టేది కూడా తుపాను మెట్టెక్కాకే. ఈ పట్టికలో వాన ఎక్కడా లేదు.

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర దాటింది ఉత్త వాయుగుండమే, దానికి పేరు కూడా లేదు. ఆ వానలకు బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగాయి, ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటితే, ఆ రాత్రి హైదరాబాద్ మునిగింది. "తీరం దాటింది, ఇక గండం గడిచింది" అనే మాటకు కూడా జవాబు ఈ రెండు సంఘటనల్లోనే ఉంది. తీరం దాటాక గాలి తగ్గుతుంది. వాన మాత్రం నేల మీద వ్యవస్థ ఎంత నెమ్మదిగా కదిలితే అంత ఎక్కువ కురుస్తుంది. తెలంగాణలో ఉన్నవాళ్లు తీరం బులెటిన్లు చదవాల్సింది ఇందుకే.

అపోహ: రెడ్ అలర్ట్ అంటే ఎక్కువ వాన, అంతే.

వాస్తవం: "రెడ్" అనే మాట రెండు చోట్ల వాడుతున్నారు, గందరగోళం అక్కడుంది. జిల్లాలవారీ వాన హెచ్చరికల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చేయాల్సింది వెంటనే చేయమని. రంగు వాన కొలతకే కట్టుబడి ఉండదు, పడే అవకాశాన్నీ జరగబోయే నష్టాన్నీ కలిపి ఇస్తారు. అందుకే ఒకే కొలత వానకు రెండు జిల్లాల్లో రెండు రంగులు రావచ్చు. తుపాను దశల రంగులు వేరు. తీరంలో వాతావరణం చెడిపోవడం మొదలవడానికి 48 గంటల ముందు ఇచ్చేది పసుపు, 24 గంటల ముందు ఇచ్చేది నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు లోతట్టు జిల్లాలకు కూడా కలిపి ఇచ్చేది ఎరుపు. మొదటి రెండింటి గడువును చెడు వాతావరణం మొదలయ్యే సమయం నుంచి లెక్కపెడతారు. "దాటేది రేపు రాత్రి కదా, రేపు మధ్యాహ్నం సర్దుకుందాం" అనుకుంటే అప్పటికే రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి.

వాన కొలతలు ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్క. 64.5 మి.మీ. నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. చివరి అంకె ఎంతో కళ్లకు కట్టాలంటే, 100 చదరపు మీటర్ల డాబా మీద 20 వేల లీటర్లకు పైగా నీరు. ఆకులు అడ్డుపడి గొట్టం మూసుకుపోతే పిట్టగోడల మధ్య ఆ బరువంతా శ్లాబు మీదే నిలుస్తుంది. కాబట్టి ముందురోజే డాబా ఎక్కి తూము నోరు శుభ్రం చేయండి, ఒక బకెట్ నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడండి.

అపోహ: బైకు మీద వంద వేగంతో వెళ్తాం, గాలి వందైతే ఏమవుతుంది?

వాస్తవం: గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గంటకు 100 కి.మీ. గాలి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల బరువుతో నెడుతుంది. 180 అయితే 150 కిలోలు దాటుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు మీద మూడు క్వింటాళ్లు మోపినట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి తెచ్చింది ఈ స్థాయి గాలినే.

బులెటిన్‌లో "గంటకు 90-100 కి.మీ., అప్పుడప్పుడు 110 కి.మీ." అని ఉంటే మొదటి రెండంకెలు మూడు నిమిషాల సగటు, చివరిది క్షణాలపాటు విసిరే ఈదురుగాలి. రేకుల్ని లేపేది ఆ చివరి అంకె. అమెరికా వెబ్‌సైట్లు ఒక నిమిషం సగటును, అదీ నాట్లలో చూపిస్తాయి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కి.మీ. అందుకే అక్కడి అంకెకూ ఇక్కడి అంకెకూ పొంతన కుదరదు. రెంటినీ పక్కపక్కన పెట్టి "దాస్తున్నారు" అనడం సరికాదు.

రేకుల ఇళ్లలో మొదట లేచేది అంచు వరస, మూలలు. కొక్కేలు వదులైతే బిగించండి, తుప్పు పట్టినవి మార్చండి. ఇసుక బస్తాలు పెడితే ఆసరా ఉన్న దూలం మీదే పెట్టి తాడుతో కట్టాలి. రేకు మధ్యలో పెట్టిన బస్తా గాలికి రేకుతోపాటే లేచి పక్కింటి మీద పడుతుంది. కోనసీమలో ఇంటిపక్క కొబ్బరి చెట్లకు ముదురు కాయలు, ఎండుమట్టలు 48 గంటల ముందే దింపించండి. గాలి మొదలయ్యాక ఎవరినీ చెట్టెక్కించకూడదు.

అపోహ: ఒక కిటికీ తెరిచి ఉంచితే ఒత్తిడి సమానమై కప్పు నిలుస్తుంది.

వాస్తవం: తప్పు, ప్రమాదకరం కూడా. లోపలికి దూరిన గాలి కప్పును కిందినుంచి తంతుంది, పైనుంచి వీచే గాలి దాన్ని పీకుతుంది. అన్నీ మూయండి, లోపలి గదుల తలుపులు కూడా.

అపోహ: గాలి ఆగింది, ఎండ కూడా వచ్చింది, తుపాను వెళ్లిపోయింది.

వాస్తవం: అది తుపాను కన్ను కావచ్చు. గాలి ఉన్నట్టుండి పడిపోతుంది, వాన ఆగుతుంది, ఆకాశం తెరిపిస్తుంది. కాసేపటికి అంతే బలమైన గాలి ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. అప్పటిదాకా ఒకవైపు వంగిన చెట్టును ఇప్పుడు రెండోవైపు నెడుతుంది. పడిన తీగలు తీద్దామనో బండి చూసుకుందామనో బయటికొచ్చినవాళ్లు దొరికిపోయేది అప్పుడే. గాలి నెమ్మదిగా, గంటల తరబడి తగ్గితే తుపాను దూరమవుతున్నట్టు. ఒక్కసారిగా ఆగిపోతే కదలకండి.

అపోహ: మ్యాపులో గీసిన గరాటా బయట ఉన్నాం, మాకేం కాదు.

వాస్తవం: ఆ గరాటా తుపాను సైజు కాదు, తుపాను కేంద్రం ఎటు జరగవచ్చో చూపే అంచనా. గాలీ వానా దాని అంచు దాటి ఎంతో దూరం వెళ్తాయి.

అపోహ: పేరు పెట్టాక బోటు తిప్పుకోవచ్చు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. గంటకు 8 నాటికల్ మైళ్లు నడిచే బోటు వంద మైళ్ల అవతల ఉంటే, సముద్రం నిమ్మళంగా ఉన్నా రేవు చేరడానికి పన్నెండున్నర గంటలు. ఎదురుగాలిలో ఇంకా ఎక్కువ. అందుకే మత్స్యకారుల హెచ్చరిక వాయుగుండం దశలోనో, అంతకు ముందో వస్తుంది. తిరగాల్సింది అప్పుడే. రేవులో కట్టేటప్పుడు తాడు బిగించి కట్టకండి. ఉప్పెనకు నీరు మీటరు లేస్తే పొట్టి తాడు బోటు ముక్కును కిందికి లాగి ముంచుతుంది, లేదా తెగుతుంది. తాడుకు వదులు ఇచ్చి, బోటుకూ బోటుకూ మధ్య పాత టైర్లు వేలాడదీయండి.

అపోహ: కోతకొచ్చిన వరి పడిపోతే చేసేదేం లేదు.

వాస్తవం: గంటలు లెక్కపెట్టుకుని చేయాల్సిన పని చాలా ఉంది. వాన ఆగగానే గట్లు తెగ్గొట్టి నీరు తీసేయండి. నీళ్లలో తడిసిన కంకి మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, కంకులు బాగా తడిచేలా పిచికారీ చేయాలి. నూర్చిన ధాన్యం తడిస్తే క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే గింజ మొలకెత్తకుండా, చెడిపోకుండా కొన్ని రోజులు ఆగుతుంది. ఎండ రాగానే ఆరబోసి తూర్పారపట్టుకోవచ్చు. హెచ్చరిక వచ్చిందని పచ్చిగా ఉన్న చేను హడావుడిగా కోసి పనలు నేల మీద పరవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. నిలబడ్డ చేనుకన్నా నీటిలో నానిన పన త్వరగా మొలకెత్తుతుంది.

అపోహ: ఫోనుకు మెసేజ్ రాలేదు, కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: టవరు పడినా, కరెంటు పోయి దాని బ్యాటరీ అయిపోయినా మెసేజ్ రాదు. రేవుల్లో పదకొండో నంబరు ఉన్నది ఇలాంటి పరిస్థితికే: తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారు అని దాని అర్థం. మీ ఇంటికీ అలాంటి పదకొండో నంబరు ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి. ఫోన్లు ఆగేలోపు చివరి బులెటిన్ నుంచి తీరం దాటే సమయం, చోటు, మీ జిల్లాకు చెప్పిన గాలి, ఉప్పెన, ఆ రోజు పోటు వేళ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. బ్యాటరీతో నడిచే రేడియో, రెండు జతల సెల్లులు, 1070, 112 నంబర్లు దాని పక్కనే ఉండాలి. కబురు ఆగిన చోట ఆ కాగితం మీదున్న సమయాన్నే నమ్మండి. అది దాటాక కూడా గాలి దిక్కు మారి, నెమ్మదించి, కనీసం కొన్ని గంటలు గడిచేదాకా పునరావాస కేంద్రం నుంచి కదలకండి. వెనక్కి వచ్చాక మెయిన్ స్విచ్ వేసే ముందు మీటరు బోర్డు ఆరిందో లేదో చూడండి. నీళ్లలో పడి ఉన్న తీగ ఏదైనా సరే, కరెంటు ఉన్నట్టే అనుకుని దూరంగా ఉండండి.