పికప్ వినేది తీగనా, కర్రనా?

పాత ఇల్లు కూల్చగా వచ్చిన టేకు ద్వారబంధంతో విశాఖపట్నంలో ఎవరైనా సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు చేసుకోవాలనుకుంటే, మొదట ఎదురయ్యే సందేహం ఆ కర్ర పనికొస్తుందా అన్నదే. మహాగనీ, ఆల్డర్, మేపుల్ వంటి విదేశీ కర్రలు లేనిదే మంచి నాదం రాదని చెప్పేవారు ఎక్కడైనా ఉంటారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎంతో, గిటారులో ఏ భాగానికి వర్తిస్తుందో తెలియాలంటే ముందు, తీగల కింద ఉండి వాటి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ ఏం చేస్తుందో చూడాలి.

పికప్‌కు ఆధారం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. శాశ్వత అయస్కాంతాల చుట్టూ ఎనామెల్ పూత ఉన్న సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. ఒంటి చుట్ట పికప్‌లో ఈ తీగ మందం సాధారణంగా 0.063 మిల్లీమీటర్లు, చుట్లు దాదాపు 8,000, మొత్తం పొడవు కిలోమీటరు పైమాటే. ఫ్యాన్ మోటార్లు చుట్టే దుకాణాల్లో దొరికే తీగ దీనికి మరీ లావు. పికప్ మీదుగా సాగే ఉక్కు తీగ ఆ అయస్కాంత క్షేత్రంలో తానూ అయస్కాంతంగా మారుతుంది. దాన్ని మీటినప్పుడు చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం (క్షేత్ర రేఖల మొత్తం) పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ మార్పు ఎంత వేగంగా జరిగితే చుట్ట కొనల మధ్య అంత వోల్టేజి పుడుతుంది. ఈ వరుసలో గాలిలో ప్రయాణించే శబ్దానికి చోటు లేదు. నైలాన్ తీగల కింద ఎంత ఖరీదైన అయస్కాంత పికప్ పెట్టినా పలకదు. కంచు చుట్టిన అకూస్టిక్ తీగల్లో లోపలి ఉక్కు మాత్రమే లెక్కకు వస్తుంది కనుక, చుట్టు లేని సన్న తీగలు రెండూ మిగతావాటిని మించి మోగుతాయి. వీణకు అయస్కాంత పికప్ అమర్చాలనుకునేవారు కూడా ఇదే గమనించాలి, ఉత్త ఇత్తడి తీగ ఉంటే దాని స్వరం యాంప్లిఫయరులో దాదాపు వినిపించదు.

కర్ర గురించి పట్టుబట్టేవారు తరచూ మరిచిపోయే చరిత్ర ఒకటుంది. జార్జ్ బీచమ్ రూపొందించిన పికప్‌తో 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారు శరీరం పోత పోసిన అల్యూమినియం. 1940 ప్రాంతంలో అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకు తీగలు, పికప్‌లు బిగించి వాయించాడు; చూడటానికి గిటారులా ఉండాలని మాత్రమే ఆ దుంగకు ఇరువైపులా ఒక పాత గిటారు చెక్కల్ని తగిలించాడు.

కర్ర కన్నా ముందు ఆలోచించాల్సింది పికప్ పెట్టే చోటు. తీగ మెడ కొసన ఆనే నట్ నుంచి శరీరం మీద ఆనే బ్రిడ్జి వరకు దాని పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ తీగ మొత్తంగా ఊగుతూనే రెండు, మూడు, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది, అవే మూల స్వరానికి తోడుగా వినిపించే అనుస్వరాలు. బ్రిడ్జికి 162 మిల్లీమీటర్ల దూరం తీగలో సరిగ్గా నాలుగో వంతు. అక్కడ నాలుగో అనుస్వరానికి అస్పందన స్థానం ఉంటుంది, అంటే ఆ అనుస్వరం తీగలో ఉన్నా ఆ చోట కదలిక ఉండదు, పికప్‌కు తెలియదు. మూల స్వరం మాత్రం అక్కడ తన గరిష్ఠ కదలికలో 71 శాతం దాకా చూపుతుంది. పికప్‌ను బ్రిడ్జికి 40 మిల్లీమీటర్ల దగ్గరికి జరిపితే అది 19 శాతానికి పడిపోయి, పై అనుస్వరాల వాటా పెరిగి, నాదం పదునెక్కుతుంది. మెట్టు (ఫ్రెట్) మీద వేలు పెట్టగానే ఊగే పొడవు తగ్గి ఈ లెక్కంతా మారిపోతుంది కాబట్టి, అస్పందన స్థానాలు చూసి పికప్‌కు శుభస్థలం నిర్ణయించే సూత్రాలను నమ్మనక్కర్లేదు. చెక్క తొలిచే ముందు, పికప్‌ను తీగల కింద చేత్తో పట్టుకుని జరుపుతూ వినడమే మేలు.

ఆ తర్వాతి మాట గిటారును యాంప్లిఫయరుకు కలిపే కేబుల్‌ది. చుట్టకున్న ప్రేరకత్వం (కరెంటు మార్పును అడ్డుకునే గుణం), కేబుల్‌కున్న కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలిపే గుణం) కలిసి ఒక అనునాద పౌనఃపున్యాన్ని, అంటే పికప్ అన్నిటికన్నా ఎక్కువగా స్పందించే స్వర స్థాయిని, ఏర్పరుస్తాయి. దానికి పైనున్న స్వరాంశాలు త్వరగా క్షీణిస్తాయి. చుట్ట ప్రేరకత్వం 2.5 హెన్రీలు, అయిదు మీటర్ల కేబుల్‌తో మొత్తం కెపాసిటెన్స్ 600 పికోఫారడ్‌లు ఉంటే ఆ అనునాదం సుమారు 4,100 హెర్ట్జ్ వద్ద వస్తుంది. పది మీటర్ల కేబుల్ తగిలిస్తే అది 3,000 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, నాదం మొద్దుబారుతుంది. కర్ర మార్చి తేడా విన్నామనేవారు ముందు ఒకసారి కేబుల్ మార్చి వినడం మంచిది. ఎక్కువ చుట్లు చుడితే ధ్వని పెరుగుతుంది, నిజమే, కానీ ప్రేరకత్వం చుట్ల సంఖ్య వర్గానికి అనులోమంగా పెరిగి పై స్వరాలను మింగేస్తుంది.

ఇంట్లో వాయించేటప్పుడు వచ్చే గుంయ్‌మనే మోతకు కారణం 50 హెర్ట్జ్ కరెంటు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు. పికప్ గుంతలో రాగి రేకు అంటించి ఎర్త్ చేస్తే చిటపటలు తగ్గుతాయి గానీ ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత మోత పోదు. దానికి మందు, అయస్కాంత ధ్రువాలు, చుట్టు దిశ రెండూ తారుమారు చేసిన జంట చుట్టలు. వాటిని 1950లలో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించాడు.

ఇక కర్ర. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణలో తీగ బలం బ్రిడ్జి గుండా పలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తుంది. అక్కడ కర్ర సాంద్రత, బిగువు, తనలోపల శక్తిని ఎంత హరిస్తుందన్న గుణం నేరుగా నాదాన్ని నిర్ణయిస్తాయి. తేలికపాటి అంకుడు కర్ర ఏటికొప్పాక లక్క బొమ్మలకు బాగా నప్పుతుంది, కానీ అదే కర్రతో వీణ చేస్తే పనస నాదం రాదు. గుల్ల లేని ఎలక్ట్రిక్ గిటారులో కర్ర పాత్ర వేరు. తీగ కొనలు రెండూ కదలకుండా ఉంటే దాని శక్తి ఎక్కువసేపు దానిలోనే నిలుస్తుంది, కొన కదిలితే ఆ మేరకు కర్రలోకి జారిపోతుంది. ఉయ్యాల కట్టిన కొమ్మే ఊగితే ఉయ్యాల ఊపు తొందరగా తగ్గినట్టు. కాబట్టి ఇక్కడ కర్ర స్వరానికి ఏదో కలుపుతుందనడం కన్నా, ఏ స్వరం నుంచి ఎంత శక్తిని ఎంత త్వరగా లాగేస్తుందని అడగడమే సరైనది.

ఈ దోపిడీ ఎక్కువగా జరిగేది మెడలో. మందపాటి శరీరం బరువైనది, బిగువైనది. సన్నగా, పొడుగ్గా ఉన్న మెడ సులువుగా వంగుతుంది. మెడ సహజ పౌనఃపున్యం (తనంతట తాను ఊగే వేగం) ఏదైనా ఒక మెట్టు మీది స్వరంతో కలిస్తే, ఆ స్వరం మీటగానే పుట్టి అంతలోనే ఆరిపోతుంది. వీటిని మృత స్థానాలంటారు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ వంటి పరిశోధకులు మెడ మీద చోటు చోటునా కదలికను కొలిచి, కర్ర సులువుగా కదిలే చోటే స్వరం త్వరగా చచ్చిపోతుందని చూపారు. మెడ కొసన ఒక బరువైన బిగింపు తగిలిస్తే మెడ సహజ పౌనఃపున్యం తగ్గి, మృత స్థానం వేరే మెట్టుకు జరుగుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ పరీక్షను మెడ తయారుచేసిన ప్రతివారూ చేసి చూడవచ్చు.

అందువల్ల శరీరానికి టేకైనా, పనసైనా, ఆరిన మామిడి చెక్కైనా సరిపోతుందని, శ్రద్ధంతా మెడ కర్ర మీద పెట్టాలని నా అభిప్రాయం. మెడకు చేవ ఉన్న, ముడులు లేని, నారలు నిటారుగా సాగే ముక్క కావాలి. కర్ర తేమకు ఉబ్బేటప్పుడు వయసు వలయాల వెంట ఉబ్బేది, కేంద్రం నుంచి బయటికి ఉబ్బేదాని కన్నా దాదాపు రెట్టింపు. కోత దిశ తప్పితే మెడ మెలిపడుతుంది. సముద్రపు గాలి ఆడే గదిలో ఉండే గిటారును ఏసీ స్టూడియోకు తీసుకెళితే ఆ మార్పు మరీ తెలుస్తుంది. మెడ కాస్త వంగినా తీగల ఎత్తు మారి, పికప్‌తో దూరం మారుతుంది. చివరి మెట్టు దగ్గర తీగను నొక్కి ఉంచినప్పుడు దానికీ పికప్ అయస్కాంతానికీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతిని వణికిస్తుంది, మరీ దూరమైతే ధ్వని బలహీనపడుతుంది. వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండలు ముదిరాక మరొకసారి ఈ దూరం కొలిచి పికప్ మరలు సరిచేయాలి.