మొదటిసారి క్రిప్టో ఎక్స్ఛేంజీ ఎంచుకోవడం: నా టేబుల్ దగ్గర రోజూ వినే అపోహలు

నేను గుంటూరులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాను. 2022లో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వచ్చినప్పటి నుంచి, జూలై వచ్చిందంటే ఫోన్ చేత్తో పట్టుకుని "సార్, ఒకసారి ఇది చూడండి" అంటూ వచ్చే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. చూస్తే చాలామంది కష్టం పన్ను దగ్గర కాదు, మొదటి ఎక్స్ఛేంజీ యాప్ (బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కాయిన్లు కొని అమ్ముకునే చోటు) వేసుకున్న రోజే మొదలైంది.

అపోహ: యాప్‌లో బ్యాలెన్స్ కనిపిస్తోంది కాబట్టి డబ్బు ఉన్నట్టే.

ఒకబ్బాయి టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన లింకుతో యాప్ వేసుకుని లక్షా ఇరవై వేలు పెట్టాడు. అందులో ఆరు లక్షల చిల్లర కనిపిస్తోంది, తీసుకోబోతే "ముందు 30 శాతం ట్యాక్స్ కట్టండి" అని మెసేజ్. ఆ ట్యాక్స్ లెక్క వేయించుకోవడానికే నా దగ్గరికి వచ్చాడు, అప్పటికే వాళ్ల అక్క గాజులు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నాడు. మన దేశంలో పద్ధతి ఏమిటంటే, మీరు కాయిన్ అమ్మినప్పుడు వచ్చే మొత్తంలోంచి ఎక్స్ఛేంజీయే 1 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది మీకు ఇస్తుంది. 30 శాతం పన్ను, దాని మీద సెస్సు మీరు నేరుగా ప్రభుత్వానికి కడతారు, యాప్‌కి కాదు. మీ డబ్బు మీకివ్వడానికి ఎదురు డబ్బు అడిగారంటే అది ఎక్స్ఛేంజీ కాదు, మోసం. ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ అబ్బాయిని అక్కడే కూర్చోబెట్టి చేయించాను.

అపోహ: ఎఫ్‌ఐయూ (అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర ఎక్స్ఛేంజీ రిజిస్టరైతే ప్రభుత్వ గ్యారంటీ ఉన్నట్టే.

లేదు. 2023 మార్చిలో ఈ కంపెనీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు, ఆ రిజిస్ట్రేషన్ దానికోసం. రిజిస్ట్రేషన్ లేని చోటికి మాత్రం అసలు వెళ్లొద్దు, ఆ ఏడాది డిసెంబరులో తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులిచ్చి, తర్వాతి నెలలోనే వాటి యాప్‌లను ఇక్కడ అందకుండా చేశారు. కానీ బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న 5 లక్షల బీమా లాంటిది క్రిప్టోకి లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ హ్యాకై, అక్కడి నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పోయాక, అక్కడ పెట్టుకున్నవాళ్లు ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో కాయిన్‌డీసీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 4.4 కోట్ల డాలర్లు పోయాయి, పోయింది కస్టమర్ల కాయిన్లు కావని చెప్పి ఆ నష్టాన్ని కంపెనీయే భరించింది. అందుకే "హ్యాక్ అవుతుందా" అని కాదు, "అయితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, నా కాయిన్లను నా సొంత వాలెట్‌కి (ఎక్స్ఛేంజీతో పనిలేకుండా నా చేతిలోనే ఉండే ఖాతాకి) పంపుకోనిస్తారా" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి సూటిగా జవాబు లేని చోట నేనైతే మా వాళ్లెవరినీ చేరనివ్వను.

"ఫీజు సున్నా" అంటే నమ్మకండి. ఒకే నిమిషంలో కొనే ధర, అమ్మే ధర రెండూ చూడండి, ఆ తేడాయే ఫీజు.

అపోహ: పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి అమ్మితే టీడీఎస్ గొడవ ఉండదు.

టీడీఎస్ బాధ్యత అక్కడా ఉంది, కొన్నవాళ్ల మీద పడుతుంది. అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకోటి: మీకు డబ్బు వేసిన అపరిచితుడి ఖాతా ఏదో సైబర్ కేసులో ఉంటే, వేరే రాష్ట్రం పోలీసులు చెప్పారని మీ బ్యాంకు మీ ఖాతాను ఆపేయొచ్చు. అది జీతం పడే ఖాతా అయితే ఇంటి అద్దె కట్టడానికి కూడా ఉండదు.

ఇంకో మాట. ఒక కాయిన్‌లో 40,000 లాభం, ఇంకోదాంట్లో 40,000 నష్టం వస్తే పన్ను ఉండదనుకుంటారు. మన చట్టం ఆ సర్దుబాటు ఒప్పుకోదు, సెస్సుతో కలిపి 12,480 కట్టాల్సిందే. కాబట్టి ఏడాది లావాదేవీల స్టేట్‌మెంట్ పూర్తిగా డౌన్‌లోడ్ అయ్యే ఎక్స్ఛేంజీనే ఎంచుకోండి.

చేరాక ముందు వెయ్యి రూపాయలే వేసి, కొని, మర్నాడు అమ్మి, బ్యాంకులోకి తెచ్చుకోండి. ఓ పది రూపాయలు టీడీఎస్ పోతుంది. మూడు నాలుగు నెలలాగి, మీ పేరు మీద జమైన పన్నులు చూపించే ఇన్‌కమ్ ట్యాక్స్ స్టేట్‌మెంట్ (ఫారం 26ఏఎస్ అని పిలుచుకునేది) తెరిచి, ఆ పది రూపాయలు మీ పాన్ మీద పడ్డాయో లేదో చూసుకున్నాకే పెద్ద మొత్తం సంగతి ఆలోచించండి.