ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్, పేగుల్లో బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

16:8 (రోజులో 16 గంటలు ఉపవాసం, మిగతా 8 గంటల్లోనే తిండి) మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది ఉపవాసం గంటల గురించే: 14 చాలా, 16 ఉండాలా, 18 అయితే ఇంకా మంచిదా అని. మేం ముందు అడిగేది మిగతా 8 గంటల్లో కంచంలో ఏం పడుతోందని. పేగుల్లోని బ్యాక్టీరియా విషయంలో ఎక్కువ తేడా తెచ్చేది అదే.

అపోహ: ఎంతసేపు కడుపు మాడిస్తే మంచి బ్యాక్టీరియా అంత పెరుగుతుంది.

వాస్తవం: మనం తినకపోయినా బ్యాక్టీరియా తినడం మానదు. పేగు గోడను కాపాడే జిగురు పొరే కొన్ని జాతులకు ఆహారం. 2004లో గుర్తించిన అక్కర్‌మాన్సియా మ్యూసినిఫిలా అలాంటిదే. ఉపవాసం మీద చేసిన కొన్ని అధ్యయనాల్లో దీని సంఖ్య పెరిగింది. పొర అరిగినకొద్దీ పేగు కొత్త జిగురు తయారు చేసుకుంటుంది కాబట్టి మితంగా జరిగితే ఇది మేలే. చిక్కంతా పీచు లేనప్పుడు వస్తుంది. మనుషుల పేగు బ్యాక్టీరియాను ఎలుకల్లో పెంచి, వాటికి పీచు లేని మేత పెట్టి చూస్తే ఆ పొర పలచబడి బ్యాక్టీరియా గోడకు దగ్గరైంది. పీచు అందితే అదే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్, ఎసిటేట్, ప్రొపియోనేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు ఇస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు బ్యుటిరేటే ప్రధాన ఇంధనం.

రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు పూటల తిండి రెండు పూటలకు తగ్గినప్పుడు ఇది కుదరడం కష్టం. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అదే తూకం జొన్నలు, రాగుల్లో 10 గ్రాములు దాటుతుంది. రెండు జొన్నరొట్టెలు, 30 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు, రెండు పూటలా 150 గ్రాముల చొప్పున బెండ, గోరుచిక్కుడు లాంటి కూర, ఒక జామకాయ తింటే 25 నిండుతుంది. కూరంటే అన్నంలోకి రెండు చెంచాలు కాదు, కంచంలో సగం. తెల్లన్నానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కరోజులో ఇంత పీచుకు మారితే గ్యాస్, ఉబ్బరం ఖాయం. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది. ఉపవాసం పడలేదని చాలామంది మానేసేది ఈ దశలోనే.

అపోహ: ఆ 8 గంటలు పగలైనా రాత్రైనా ఒకటే.

వాస్తవం: ఒకే భోజనం ఉదయం తింటే పెరిగే గ్లూకోజ్ కంటే రాత్రి తింటే పెరిగేది ఎక్కువ. అమెరికాలోని అలబామాలో ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ) ఉన్న 8 మంది పురుషులు 5 వారాల పాటు రోజు తిండంతా 6 గంటల్లో, మధ్యాహ్నం 3 లోపు ముగించారు. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. 2018లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నదే, అయినా దాని పద్ధతి గట్టిది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 116 మందితో చేసిన పరీక్షలో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు తిననిచ్చారు. 12 వారాలకు తగ్గింది 0.94 కిలోలు. మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదు.

ఉదయం టిఫిన్ మానేసి రాత్రి పదింటికి బిర్యానీ తినడం మాకు ఎక్కువగా కనిపించే పొరపాటు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 లోపు తినడం కుదరకపోతే 10 నుంచి 6 పెట్టుకోండి. అదీ కుదరకపోతే 12 గంటలే ఉపవాసం ఉండి, రాత్రి 8 తర్వాత ఏమీ ముట్టకండి. కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాల్లో తిండి చీకటి పడ్డాకే. వాటి ఉద్దేశం వేరు, వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

అపోహ: టైమ్ పాటిస్తే చాలు, ఎంత తిన్నా బరువు తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందికి ఏడాది పాటు ఒకేలా కేలరీలు తగ్గించారు. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపు తిన్నవాళ్లు 8 కిలోలు, వేళ పట్టింపు లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం ఇద్దరిదీ ఒకటే. పూట తగ్గినప్పుడు ముందు తగ్గేది పప్పు, గుడ్డు. దాంతో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

అపోహ: పాలు పోసిన కాఫీ, మజ్జిగ తాగితే ఉపవాసం చెడదు.

వాస్తవం: చెడుతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 90 నుంచి 120 నిమిషాలకోసారి చిన్నపేగులో ఒక అల కదిలి మిగిలిన తిండిని, బ్యాక్టీరియాను కిందికి ఊడ్చేస్తుంది. పాలు, చక్కెర పడగానే అది ఆగిపోతుంది. నీళ్లు, పాలూ చక్కెరా లేని టీ అయితే ఫర్వాలేదు. మజ్జిగను వదలక్కర్లేదు, భోజనంలోకి మార్చండి. 2021లో స్టాన్‌ఫోర్డ్ అధ్యయనంలో పెరుగు లాంటి పులిసిన ఆహారం రోజూ ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. ఇడ్లీ కూడా పులిసిన పిండే కదా అంటారు. నిజమే, కానీ ఆవిరికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు మాత్ర వేసుకుని ఉపవాసం ఉండొచ్చు.

వాస్తవం: ఏ మాత్ర అన్నదే అసలు ప్రశ్న. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడుతూ పూట మానేస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మరో ప్రమాదం: షుగర్ పెద్దగా పెరగకుండానే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో చేరి, రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే గ్లూకోమీటర్‌లో అంకె బాగుందని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోయే భయం తక్కువ. ఎవరైనా సరే, డాక్టర్ డోసు మార్చి రాశాకే మొదలుపెట్టాలి. గ్లూకోజ్ 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపి 3 టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు అసలు చేయకూడదు.