క్రోబర్ హాల్ పేరు ఎందుకు పోయింది?

2021 జనవరి 26న అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన మానవశాస్త్ర విభాగం ఉన్న భవనానికి పేరు తీసేసింది. అరవై ఏళ్లుగా అది క్రోబర్ హాల్. ఆ రోజు నుంచి దాన్ని మానవశాస్త్ర, చిత్రకళా భవనం అంటున్నారు. గుమాస్తా రిజిస్టరులో రాసుకున్నట్టున్న ఈ పేరు తాత్కాలికమే అన్నారు.

అదే ఆవరణలో అంతకుముందు సంవత్సరం మరో మూడు పేర్లు పోయాయి. చైనీయులను దేశంలోకి రానివ్వొద్దని వాదించిన న్యాయవాది పేరు ఒకటి, బానిసల యజమానులైన సోదరులది ఒకటి, ఫిలిప్పీన్స్‌లో వలస పాలన నడిపిన అధికారిది మరొకటి. వాటి మీద పెద్దగా వాదం లేదు. క్రోబర్ దగ్గరికి వచ్చేసరికి మానవశాస్త్రవేత్తలే రెండుగా చీలారు. ఎందుకంటే ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ జాతుల హెచ్చుతగ్గులను నమ్మినవాడు కాదు. ఆ సిద్ధాంతాన్ని అమెరికాలో కూలదోసిన ఫ్రాంజ్ బోయాస్‌కు శిష్యుడు. కాలిఫోర్నియా ఆదివాసుల భాషలు, కథలు, పాటలు ఇవాళ ఎంతో కొంత మిగిలాయంటే ఆయన చేయి ఉంది. అలాంటివాడి పేరు ఎందుకు తీయాల్సి వచ్చిందో అర్థం కావాలంటే 1901కి వెళ్లాలి.

ఆ ఏడాది సెప్టెంబరులో విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగాన్ని, మ్యూజియాన్ని ఒకేసారి నెలకొల్పింది. డబ్బు ఫీబీ హర్స్ట్‌ది. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ తల్లిగా ఆమె చాలామందికి తెలుసు. ఆమె భర్త జార్జ్ హర్స్ట్ గనుల యజమాని. ఆయన బంగారు గనుల్లో అతి పెద్దది బ్లాక్ హిల్స్‌లో, అంటే లకోటాలకు ఒప్పందం ప్రకారం దక్కాల్సిన నేలలో ఉంది. ఆదివాసుల భూమిలో తవ్విన సొమ్ముతో ఆదివాసుల వస్తువులను సేకరించే సంస్థ లేచింది. దీన్ని అప్పట్లో ఎవరూ వింతగా అనుకోలేదు.

కాలిఫోర్నియాలో బంగారం దొరికిన 1848లో అక్కడ దాదాపు లక్షన్నర మంది ఆదివాసులు ఉండేవారని చరిత్రకారుల అంచనా. 1870 నాటికి ముప్ఫై వేలు మిగిలారు. కాల్పులు, రోగాలు, ఆకలి, బలవంతపు చాకిరీ మిగతావారిని మింగాయి. విభాగంలో తొలి ఉద్యోగంలో చేరిన క్రోబర్‌కు అప్పుడు పాతికేళ్లు. పోయేవి పోకముందే రాసుకోవాలన్నది ఆయన తొందర. పల్లెల వెంట తిరిగి వృద్ధులను కూర్చోబెట్టి పదాలు, కథలు, బంధుత్వ వరసలు రాసుకున్నాడు, అప్పటి రికార్డింగు సాధనమైన మైనపు గొట్టాల మీద పాటలు పట్టాడు. అలాంటి గొట్టాలు మ్యూజియంలో నేటికీ దాదాపు 2,700 ఉన్నాయి. విద్యార్థులకూ ఇదే శిక్షణ. ఈ విభాగం నుంచి తొలి డాక్టరేట్ 1908లో శామ్యూల్ బారెట్‌కు వచ్చింది, పోమో జాతి వాళ్ల బుట్టల అల్లిక మీద.

ఈ తొందరలో ఒక పెద్ద లోపం ఉంది. పూర్వపు జీవితం జ్ఞాపకమున్న వృద్ధుడే 'అసలు' ఆదివాసి. పక్కన తోటలో కూలికి పోతున్న అతని మనవడు లెక్కలోకి రాడు. తుపాకులు ఎలా పేలాయో, భూములు ఎవరు లాక్కున్నారో క్రోబర్ పెద్దగా రాయలేదు. అది తన శాస్త్రం పని కాదనుకున్నాడు. అదే చరిత్రను పత్రాలతో సహా బయటపెట్టింది ఆ విభాగంలోనే చదివి, అక్కడే పాఠం చెప్పిన రాబర్ట్ హైజర్. కానీ దానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది.

క్రోబర్ మీద మొదటి ఆరోపణ ఒక మాట గురించి. 1925లో అచ్చయిన తన బృహద్గ్రంథంలో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల ప్రజల గురించి, ఆచరణలో వీళ్లు అంతరించినట్టే, చెదిరిన కొద్దిమంది మిగిలారు అని రాశాడు. నేడు ఒహ్లోని అని పిలుచుకుంటున్న జనం వాళ్లు. విశ్వవిద్యాలయం నిలిచింది వాళ్ల నేల మీదే. క్రోబర్ ఉద్దేశం భాష, సంస్కృతి గురించే అని ఆయన పక్షంవాళ్లు అంటారు. కావచ్చు. కానీ ఆచార్యుడు 'అంతరించారు' అని అచ్చు వేశాక గుమాస్తాలు ఆ సూక్ష్మం చూస్తారా? 1927లో ఫెడరల్ అధికారి ఒకరు వీళ్లకు భూమి అవసరం లేదని, భూమి ఇవ్వాల్సిన జాతుల జాబితా నుంచి తప్పించాడు. ఆ అధికారి క్రోబర్‌ను చదివి తేల్చాడా అన్నది వాదనలోనే ఉంది. ఒహ్లోనిల్లో ఒక వర్గమైన మువెక్మాలకు మాత్రం ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు నేటికీ తిరిగి రాలేదు.

రెండో ఆరోపణ ఇషి అనే మనిషి విషయంలో. 1911 ఆగస్టులో ఓరోవిల్ పట్టణపు కబేళా దగ్గర ఆకలితో ఒక మనిషి దొరికాడు. యాహి జాతిలో మిగిలింది ఆయన ఒక్కడే. తన పేరు పరాయివాళ్లకు చెప్పుకోవడం ఆ జాతి ఆచారం కాదు కాబట్టి ఇషి అన్న పేరు క్రోబర్ పెట్టాడు. ఆయన్ను అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న విశ్వవిద్యాలయ మ్యూజియంలోనే ఉంచారు. ఆదివారాల్లో సందర్శకులకు బాణాలు చెక్కి చూపేవాడు, నెలకు 25 డాలర్ల జీతంతో అక్కడే పనిచేసేవాడు. 1916 మార్చి 25న క్షయతో చనిపోయాడు. ఆ సమయంలో క్రోబర్ న్యూయార్క్‌లో ఉన్నాడు. శవాన్ని కోయొద్దు, శాస్త్ర ప్రయోజనం అంటే శాస్త్రాన్ని నరకానికి పొమ్మనండి అని ఉత్తరం రాశాడు. అది చేరేలోపే కోశారు. మెదడు వేరుచేశారు. ఇంతవరకు చదివితే క్రోబర్ మీద జాలి కలుగుతుంది. కానీ కొన్ని నెలల తర్వాత ఆ మెదడును వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు పంపిందీ ఆయనే.

ఈ సంగతి చాలాకాలం లోకానికి తెలియదు. ఆయన భార్య థియోడోరా 1961లో రాసిన ఇషి జీవితకథ లక్షల ప్రతులు అమ్ముడైంది, తరాల తరబడి బడిపిల్లలు చదివారు. అందులో ఉన్నది స్నేహం. బ్యూట్ కౌంటీ ఆదివాసులు ఇషి అస్థికలను తిరిగి ఇమ్మని పట్టుబట్టి అడిగాకే 1999లో ఇద్దరు పరిశోధకుల వెతుకులాటలో మెదడు జాడ బయటపడింది. బర్క్‌లీ విభాగంలో క్షమాపణ చెప్పాలా, విచారం చాలా అని అధ్యాపకుల మధ్య మాటమాట మీద పేచీ నడిచాక ఒక ప్రకటన వెలువడింది. 2000లో ఆదివాసులు ఇషిని సొంత కొండల్లో రహస్య స్థలంలో ఖననం చేశారు.

క్రోబర్ వైపు తక్కెడలో వేయాల్సినదీ ఉంది. 1950లలో, ఎనభైకి చేరువలో, భూముల నష్టపరిహారం కేసులో ఆయన ఆదివాసుల తరఫున రోజుల తరబడి సాక్ష్యం చెప్పాడు. ప్రభుత్వం తరఫున నిలబడ్డవారిలో జూలియన్ స్టీవర్డ్, రాల్ఫ్ బీల్స్ ఉన్నారు. ఇద్దరూ బర్క్‌లీ పూర్వ విద్యార్థులే! గురువు ఒక బల్ల దగ్గర, శిష్యులు ఎదుటి బల్ల దగ్గర. చివరికి ఆదివాసులకు ఎకరానికి అర డాలరు కూడా రాలేదు. భవనానికి పేరు పెట్టింది ఆ కేసు నడుస్తున్న కాలంలోనే. 1960 అక్టోబరులో క్రోబర్ పారిస్‌లో కన్నుమూశాడు.

నా దృష్టిలో అసలు మలుపు 2021 కాదు, 1969. ఆ ఏడాది జనవరి నుంచి మార్చి దాకా బర్క్‌లీలో నల్లజాతి, మెక్సికన్, ఆసియా, ఆదివాసీ విద్యార్థులు కలిసి సమ్మె చేసి జాతుల అధ్యయన విభాగాన్ని సాధించుకున్నారు. నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని అల్కట్రాజ్ దీవిని ఆదివాసుల హక్కుల కోసం ఆక్రమించినవారిలోనూ బర్క్‌లీ ఆదివాసీ విద్యార్థులు ఉన్నారు. అంతవరకు పుస్తకాల్లో సమాచారం ఇచ్చే మనుషులుగా కనిపించినవారి మనవలు తరగతి గదిలోకి వచ్చి కూర్చున్నారు. అదే కాలంలో మానవశాస్త్ర విభాగంలో లారా నాడర్ పేదలనే ఎందుకు పరిశీలిస్తారు, అధికారం ఉన్నవాళ్లను పరిశీలించండి అని వాదించడం మొదలుపెట్టింది. 1971లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం తన నియమావళిలో, పరిశోధకుడి మొదటి బాధ్యత తాను అధ్యయనం చేసే ప్రజలకే అని రాసుకుంది.

ఆ పిల్లలు, వాళ్ల పిల్లలు ఆ గొట్టాలనూ నోటుపుస్తకాలనూ విసిరికొట్టలేదు. 1990ల నుంచి మాట్లాడేవారు లేని భాషల వారసులు బర్క్‌లీకి వచ్చి, పాత రికార్డుల నుంచి తమ భాషను నేర్చుకునే శిక్షణ శిబిరాలు జరుగుతున్నాయి. అంతరించారన్న ఒహ్లోనిలలో ఇద్దరు, విన్సెంట్ మెడీనా, లూయిస్ ట్రెవీనో, 2022లో ఆ భవనం పెరట్లోనే తమ వంటకాలతో హోటల్ తెరిచారు.

మన దగ్గర ఇలాంటి లెక్క వేరేగా తేలింది. కుమురం భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్‌కు పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ తర్వాత ఉస్మానియాలో ఆచార్యుడయ్యాడు. మార్లవాయిలో గోండుల మధ్య కాపురమున్నాడు, వాళ్లకు పట్టాలూ బడులూ రావడానికి కారణమయ్యాడు. ఆయన, భార్య బెట్టీ సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి, ఊరు ఏటా వర్ధంతి జరుపుతుంది. ఆయన రాతల్లో తప్పులు లేవని కాదు. రాసుకుని వెళ్లిపోయినవాడికీ పట్టా ఇప్పించినవాడికీ ఊరు తేడా చూస్తుంది.

2020 జూలైలో క్రోబర్ పేరు తీయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు విభాగంలోని నాన్సీ షెపర్-హ్యూస్ బహిరంగంగా వ్యతిరేకించింది. ఇషి విషయంలో 1999లో గట్టిగా మాట్లాడినవారిలో ఆమె కూడా ఉన్నది. భాషాశాస్త్ర ఆచార్యుడు ఆండ్రూ గారెట్, క్రోబర్ మీది ఆరోపణల్లో చాలావాటికి ఆధారాలు బలంగా లేవని ఒక పుస్తకమే రాశాడు. పేరు తీయడానికి మాత్రం ఆయనా అడ్డుపడలేదు. ఆ పేరు చూసి లోపలికి రావడానికి ఆదివాసీ విద్యార్థులు జంకుతుంటే అది చాలన్నాడు. ఈ వాదన నాకు మిగతావాటికంటే నిజాయితీగా కనిపిస్తుంది. ఇది చనిపోయినవాడి మీద తీర్పు కాదు, ఆ తలుపు ఎవరి కోసం అన్న ప్రశ్న.

అక్షరాలు ఊడదీసినంత సులువుగా తెమలని పని మ్యూజియం అరల్లో ఉంది. గుట్టల్లో, శ్మశానాల్లో తవ్వి తెచ్చిన వేలమంది పూర్వీకుల ఎముకలు అక్కడ చేరాయి. వాటిని వారసులకు అప్పగించాలని 1990లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. 2020 జూన్‌లో రాష్ట్ర ఆడిటర్ లెక్క తీస్తే, లాస్ ఏంజెలస్‌లోని సోదర విశ్వవిద్యాలయం దాదాపు అన్నీ ఇచ్చేసింది. బర్క్‌లీ ఇచ్చింది ఐదో వంతు. గుర్తింపు లేని జాతులకు ఫెడరల్ చట్టం కింద నేరుగా అడిగే వీలు లేదు. అందుకే అదే సంవత్సరం కాలిఫోర్నియా శాసనసభ రాష్ట్ర చట్టాన్ని సవరించి, ఫెడరల్ గుర్తింపు లేని జాతులు అడిగే దారిని సులువు చేసింది.