బియ్యం ఇచ్చిన చెయ్యే సారా అమ్మింది

నెల్లూరు జిల్లాలో సర్కారు ఖర్చుకీ పేదరికానికీ ఉన్న లెక్క తెలియాలంటే 1983కి వెళ్లాలి. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చిన ఏడాది అది. కార్డున్న కుటుంబానికి నెలకు 25 కిలోల దాకా ఇచ్చేవారు. అంటే 50 రూపాయలు చేతిలో ఉంటే నెల గ్రాసంలో చాలా భాగం ఇంటికి చేరినట్టే. కూలి దొరకని రోజున కూడా పొయ్యి మీద ఎసరు పెట్టగలిగారు.

మరి ఖజానాకు డబ్బెక్కడిది? అందులో పెద్ద వాటా సారాది. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర ఎక్సైజ్ (మద్యం మీద వచ్చే) ఆదాయం 1991-92కి 812 కోట్లయింది. 'వారుణి వాహిని' పేరుతో సర్కారు సారాయే ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెపల్లెకూ వచ్చింది. మగవాడి కూలి సాయంత్రానికి సారా కొట్లో కరిగిపోయేది. ఇల్లు గడిచేది ఆడమనిషి కూలితోనే. బియ్యంలో మిగిలింది సారాలో పోతుంటే ఆ ఇల్లు ఎలా బాగుపడుతుంది?

ఈ లెక్కను బయటపెట్టింది ఆర్థికవేత్తలు కాదు, రాత్రి బడికి వెళ్లిన కూలి ఆడవాళ్లు. 1991లో మొదలైన అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యతా కార్యక్రమం వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. పల్లెటూరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో అది చదివినవాళ్లు తమ ఊళ్లోనూ అదే పని చేశారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లా సారా వేలంపాటలకు ఆడవాళ్లు అడ్డం పడితే, వేలం మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. మిగిలిన కూలి డబ్బుల్లోంచి రోజుకో రూపాయి దాచుకోవడంతో 'పొదుపులక్ష్మి' అనే ఆడవాళ్ల పొదుపు సంఘాలు మొదలయ్యాయి. పేదరికం మీద ఈ జిల్లాలో జరిగిన అసలైన పని ఇదేనని నా నమ్మకం. దీనికి ఖజానా నుంచి పెట్టిన ఖర్చు చాలా తక్కువ.

1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రాబడి పడిపోయింది. 1996లో బియ్యం ధర మూడున్నర రూపాయలైంది, 1997లో నిషేధం ఎత్తేశారు.

పాతికేళ్ల తర్వాత, 2022లో, మద్యం అమ్మే సర్కారు సంస్థ ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్ ఆ మద్యం ఆదాయాన్ని చూపించి 8,305 కోట్ల బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఆ ఆదాయంతో నడిపేందుకు చట్టం సవరించుకున్న పథకాలు అమ్మఒడి, ఆసరా, చేయూత. మూడూ ఆడవాళ్ల ఖాతాల్లో డబ్బు వేసినవే.