తోబా అగ్నిపర్వతం, జ్వాలాపురం బూడిద: అపోహలు - వాస్తవాలు

రాళ్లూ బూడిద పొరలూ చదవడం నా వృత్తి. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం గురించి నన్ను తరచూ అడిగేవాటికి ఇవీ జవాబులు.

అపోహ: జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో తెల్ల బూడిద ఉంది కాబట్టి అగ్నిపర్వతం ఇక్కడే పేలింది.

కాదు. అది సుమారు 2,600 కిలోమీటర్ల అవతల, ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న తోబా అగ్నిపర్వతం నుంచి గాలిలో వచ్చింది. దాదాపు 74,000 ఏళ్ల కిందటి మాట. సూక్ష్మదర్శిని కింద పెడితే వంపు తిరిగిన గాజు పెంకులు కనిపిస్తాయి. శిలాద్రవం నురగలా పొంగినప్పటి బుడగల గోడలవి. వాటి రసాయన కూర్పు తోబా బూడిదతో సరిపోయింది. ఆకాశం నుంచి నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల గుట్టల మీది బూడిదంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో రెండు మీటర్లకు పైగా పేరుకుంది.

అపోహ: తోబా సరస్సు కొండ కొనన ఉండే బిలం.

పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30. అంత బిలం ఏ కొండకూ ఉండదు. దూలాలు విరిగిన మట్టిమిద్దె కప్పు ఇంట్లోకి దిగబడటం చూశారా? ఇదీ అంతే. కింద ఉన్న శిలాద్రవం దాదాపు 2,800 ఘనపు కిలోమీటర్లు బయటికి పోయేసరికి పైనేల కూలింది. దాన్నే కాల్డెరా అంటాం. అదీ ఒక్కసారి జరిగింది కాదు, 12 లక్షల ఏళ్లలో నాలుగు పెద్ద విస్ఫోటనాలు.

అపోహ: ఆ దెబ్బకు లోకమంతా చలి పట్టి మనిషి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చర్చ ఇది. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించిన జ్వాలాపురం తవ్వకాల్లో బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ ఒకే తరహావి. ఎముకలు దొరకలేదు కాబట్టి వాటిని చేసినవాళ్లు మనలాంటి మనుషులేనా అన్న వాదన ఉంది. ఎవరైనా సరే, ఈ లోయలో బతుకు ఆగిపోలేదనే నా నమ్మకం. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగు మట్టిలోనూ తోబా బూడిద దొరికింది. అక్కడ తీవ్రమైన చలి పడిన ఆనవాళ్లు లేవు.

అపోహ: తోబా చల్లారిపోయింది.

లేదు. సరస్సు నడుమ సమోసిర్ దీవి ఎక్కి చూడండి. ఒకప్పటి సరస్సు అడుగు బురద ఇప్పుడు నీటికి వందల మీటర్ల ఎత్తున ఉంది. విస్ఫోటనం తర్వాత కింది శిలాద్రవం మళ్లీ ఎత్తింది దాన్ని.

జ్వాలాపురం బూడిదను మాత్రం శుభ్రం చేసే పొడుల కోసం తవ్వి అమ్ముతూ వచ్చారు. తవ్విన చోట పొర ఇక చదవలేం. కనీసం కొన్ని బూడిద గోడలైనా తవ్వకుండా వదిలేయమని అక్కడివాళ్లను వేడుకుంటున్నాను.