దంతధాతువు వెంట శ్రీలంక: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. శ్రీలంక గురించి అట్ట మీద మూడు గళ్ళు గీసి, ఒకదానిలో ప్రసిద్ధ కట్టడాలు, ఒకదానిలో వస్త్రధారణ, ఇంకొకదానిలో పండుగలు రాసుకు రమ్మని బడిలో చెప్పారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గళ్ళు గీయడం తప్పు కాదు. అయితే ఆ దేశంలో ఈ మూడూ విడివిడిగా ఉండవనీ, గుడిని చూస్తే పండుగ, పండుగను చూస్తే కట్టుబట్ట వాటంతట అవే తెలుస్తాయనీ మీకు చెప్పాలనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అందుకు తగిన ఊరు క్యాండీ.

క్యాండీ నగరం కొండల నడుమ, ఒక చెరువు ఒడ్డున ఉంది. 1815 వరకు సింహళ రాజులకు అదే చివరి రాజధాని. చెరువు పక్కనే ఉన్న శ్రీ దళదా మాలిగావ అనే ఆలయంలో బుద్ధుని దంతధాతువును భద్రపరిచారు. బుద్ధుని దహనసంస్కారం తరువాత మిగిలిన ఆ దంతం కళింగ రాజుల దగ్గర పూజలందుకుంటూ ఉండేదనీ, శత్రువులు చుట్టుముట్టినప్పుడు హేమమాల అనే రాకుమారి దానిని తన జుట్టుముడిలో దాచుకొని, భర్త దంతకుమారునితో కలిసి ఓడ ఎక్కి సింహళానికి చేర్చిందనీ అక్కడి బౌద్ధులు చెప్పుకుంటారు. ఇది సామాన్య శకం నాలుగో శతాబ్దపు మాట. అంతకుముందు ఆ దంతం ఉన్న కళింగ నగరం పేరు దంతపురం. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గర ఉన్న దంతవక్త్రుని కోట అనే పాత మట్టికోటే ఆ దంతపురమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పూరీయే దంతపురమని వాదించేవారూ ఉన్నారు.

దంతధాతువు ఎవరి దగ్గర ఉంటే వారిదే రాజ్యాధికారమని ప్రజలు నమ్మేవారు. అందువల్ల రాజధాని మారినప్పుడల్లా అది రాజుతో పాటు అనురాధపురం నుంచి పొలొన్నరువకు, అక్కడి నుంచి మరికొన్ని ఊళ్ళకు, చివరకు క్యాండీకి ప్రయాణం చేసింది. శ్రీలంక పాత రాజధానుల్లో రాజభవనం దగ్గరే దంతాలయం ఎందుకుందో దీనితో మీకు అర్థమవుతుంది.

ఇప్పుడు మనకు బాగా దగ్గరైన సంగతి. 1739లో క్యాండీ రాజు వారసులు లేకుండా మరణించగా, తమిళదేశపు మధుర (మదురై) నుంచి వచ్చిన ఆయన రాణి సోదరుడు సింహాసనమెక్కాడు. ఆనాటి నుంచి 1815 వరకు క్యాండీని ఏలిన నలుగురు రాజులూ నాయకర్ వంశీయులే. మధుర నాయకుల మూలాలు తెలుగునేలవని మీకు తెలుసు కదా. ఆ నలుగురిలో రెండోవాడైన కీర్తిశ్రీ రాజసింహుడు శైవ సంప్రదాయంలో పెరిగినా బౌద్ధానికి చేసిన సేవ చాలా గొప్పది. సింహళంలో భిక్షువుల ఉపసంపద, అంటే పూర్తి భిక్షుదీక్ష ఇచ్చే పరంపర తెగిపోయి ఉంటే, 1753లో సయాం దేశం (నేటి థాయిలాండ్) నుంచి ఉపాలి స్థవిరుణ్ణి, ఇతర భిక్షువులను రప్పించి దానిని మళ్ళీ నిలబెట్టాడు. క్యాండీలో ఏటా జరిగే ఊరేగింపు అంతవరకు నాథ, విష్ణు, కతరగమ, పత్తిని అనే నలుగురు దేవతలది. వారిలో కతరగమ దేవుడంటే మన కుమారస్వామి, పత్తిని అంటే తమిళదేశపు కణ్ణగి. ఆ ఊరేగింపునకు దంతధాతువును ముందు నడిపించినవాడు ఈ రాజే. పరాయి నేల నుంచి వచ్చిన వంశం ప్రజల విశ్వాసాన్ని తలకెత్తుకుని గౌరవించిన తీరు నాకు ఎంతో ఇష్టం.

ఆ ఊరేగింపునే ఎసల పెరహెర అంటారు. జులై, ఆగస్టు నెలల్లో పౌర్ణమికి ముగిసేలా రాత్రుళ్ళు వరసగా జరుగుతుంది. కొరడాలు ఝళిపించేవారు మొదట వచ్చి ఆ చప్పుడుతో పెరహెర బయలుదేరిందని చాటుతారు. వారి వెనుక అగ్నిగోళాలు తిప్పేవారు, జెండాలు పట్టుకున్నవారు, డప్పులవారు, నర్తకులు నడుస్తారు. దారిపొడవునా కాగడాలలో ఎండుకొబ్బరి మండుతూ ఉంటుంది. నిలువెల్లా ముసుగు వేసి అలంకరించిన ఏనుగుల బారు మధ్య పెద్ద దంతాలున్న మాలిగావ ఏనుగు వస్తుంది. దాని పాదాలు నేలను తాకకుండా ముందు తెల్లని బట్ట పరుస్తూ పోతారు. దాని వీపు మీద ఉండే బంగారు పేటికలో అసలు దంతం ఉండదు. అది గుడి దాటి బయటికి రాదు. దాని స్థానంలో మరో పేటికను ఊరేగిస్తారు. ఆ పేటిక వెనుక నలుగురు దేవతల ఊరేగింపులు ఒకదాని తరువాత ఒకటి సాగుతాయి. చివరి రోజున మహవెలి నదిలో నీటిని కత్తితో కోసే క్రతువుతో ఉత్సవం పూర్తవుతుంది.

వస్త్రధారణ గడిలో రాయవలసినవి కూడా ఈ ఊరేగింపులోనే కనబడతాయి. ఆలయ పాలకుణ్ణి దియవడన నిలమే అంటారు. ఆయన నడుము చుట్టూ గజాలకొద్దీ బట్టను పొరలు పొరలుగా చుట్టి, జరీపని చేసిన చొక్కా తొడిగి, నాలుగు కొనల టోపీ పెట్టుకుని నడుస్తారు. క్యాండీ రాజుల కాలంలో సర్దారులు కట్టిన వేషమే అది. క్యాండీ సంప్రదాయ నృత్యం చేసే వెస్ నర్తకుల ఛాతీ మీద పూసల అల్లిక, తల మీద వెండి కిరీటం ఉంటాయి. ఆ కిరీటాన్ని ఎవరు పడితే వారు పెట్టుకోకూడదు. ఏళ్ళ తరబడి శిక్షణ పొందాక, ముహూర్తం చూసి, క్రతువు జరిపి గురువు శిష్యుని తలకు దానిని కడతాడు.

స్త్రీల చీరను ఒసరియ అంటారు. మనలాగా కుచ్చిళ్ళన్నీ లోపలికి దోపి ఊరుకోక, నడుము దగ్గర కొంత అంచును బయటికి తీసి చిన్న ఝాలరులా నిలబెడతారు. పైటను సన్నగా మడిచి ఎడమ భుజం మీదుగా వెనక్కి వేస్తారు. 1960లో ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధానిగా పదవి చేపట్టిన సిరిమావో బండారనాయకే కట్టినది ఈ చీరే. గుడికి వెళ్ళే రోజున మాత్రం ఆడా మగా ఎక్కువమంది తెల్లబట్టలే కడతారు. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవే కాబట్టి ఆ తెలుపు నెలనెలా కనిపిస్తుంది. మే నెల పౌర్ణమి వెసాక్. ఆ రోజు ఇంటింటా కాగితపు లాంతర్లు వెలుగుతాయి, వీధుల్లో దారినపోయే వారందరికీ ఉచితంగా భోజనం పెడతారు.

మీకు బాగా నచ్చే పండుగ ఏప్రిల్ 13, 14 తేదీలలో వచ్చే అలుత్ అవురుద్ద, అంటే కొత్త సంవత్సరం. మన ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తే, ఇది సూర్యుడు మీనం నుంచి మేషంలోకి మారడాన్ని బట్టి వస్తుంది. సింహళీయులూ తమిళులూ ఒకే రోజున జరుపుకుంటారు. సూర్యబింబం మీనం అంచును పూర్తిగా దాటడానికి 12 గంటల 48 నిమిషాలు పడుతుందని వారి లెక్క. ఆ సమయపు మొదటి సగంలో పొయ్యి వెలిగించరు, పని ముట్టుకోరు. జ్యోతిష్కులు నిర్ణయించిన ముహూర్తం రాగానే దేశమంతటా ఒకేసారి పొయ్యిలు రాజేసి, కొత్త కుండలో పాలు పొంగిస్తారు. తరువాత కొబ్బరిపాలతో వండిన అన్నమైన కిరిబత్, అరిసెలను గుర్తుకు తెచ్చే కవుమ్, అచ్చు ముంచి నూనెలో వేయించే కొకిస్ తింటారు. కొకిస్ మన ఇంట్లో మీ అమ్మమ్మ చేసే గులాబీ పువ్వులకు అచ్చంగా తోబుట్టువు. పిల్లలు మోకరిల్లి పెద్దలకు తమలపాకులు ఇచ్చి నమస్కరిస్తారు.

కట్టడాల గడిలో సిగిరియా శిలాదుర్గాన్ని, అనురాధపురపు స్తూపాలను తప్పక చేర్చండి. జాఫ్నాలోని నల్లూరు కందస్వామి ఆలయాన్ని వదలకండి. దాని ఉత్సవం 25 రోజులు జరుగుతుంది. అది లేకపోతే ఆ దేశంలోని తమిళులను మరిచినట్లవుతుంది.

క్యాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. నేను మొదట చెప్పిన చెరువు తవ్వించినది ఆయనే. 1815లో ఆంగ్లేయులు ఆయనను పట్టుకుని, మరుసటి ఏడు కుటుంబంతో సహా వెల్లూరు కోటకు పంపారు. 1832లో అక్కడే మరణించాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి మీద ముత్తుమండపం ఉంది. మన చిత్తూరు నుంచి ఉదయం బస్సులో వెళితే కోటనూ మండపాన్నీ చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. దసరా సెలవులకు మీరు వచ్చినప్పుడు వెళదాం. మీ నాన్నను ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టమనండి.

ఇట్లు,
మీ తాతయ్య